94వ స్వరం

సంగీతంలో స్వరాలు ఏడని మనమందరం చిన్ననాటనే విన్నాం. స్థాయిలను బట్టి వాటిని ఎంత విస్తరించినా ప్రతి స్వరమూ చెవికి వినబడేదే. వినబడని స్వరం ఒకటి ఉన్నదనీ, దానితో మాకు వారంలో రెండు మూడు సాయంత్రాలు పని పడుతున్నదనీ చెప్పినప్పుడు సహోద్యోగులు కొందరు నవ్వారు. నవ్వినవారిలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం మిత్రులు మాత్రం లేరు. అందుకు కారణం ఈ వ్యాసంలోనే తెలుస్తుంది.

సూరత్ నగరానికి పడమరగా, తాపీ నది సముద్రంలో కలిసే హజీరా దారిలో ఉన్నది మా టౌన్‌షిప్. ఇక్కడి తెలుగు కుటుంబాలలో పాడగలిగినవారు, వాయించగలిగినవారు, ఆ రెండూ రాకపోయినా కుర్చీలు వేయగలిగినవారు కలిసి ఒక చిన్న బృందంగా ఏర్పడ్డాం. ఉగాదికి, వినాయక చవితికి మా కార్యక్రమాలు ఉంటాయి. ఆ పాటలను భద్రపరచుకోవాలన్న కోరిక కలిగిన తరువాత గ్రంథాలయం ప్రక్కనున్న ఇరుకు గదిని అడిగి తీసుకున్నాం. గోడలకు పాత బొంతలు వ్రేలాడదీశాం. ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, కొన్ని మైక్రోఫోన్లు, ఒక హార్మోనియం, వీటన్నిటి నడుమ ఒక డిజిటల్ రికార్డరు. ఇదీ మా సంపద.

రికార్డరు జపాన్‌కు చెందిన జూమ్ సంస్థ 2009లో వెలువరించిన ఆర్16. మా సభ్యులలో ఒకరు బదిలీపై వెళుతూ మాకు వదిలిపోయినది. పెద్ద నిఘంటువంత పరిమాణం, ఆరు పెన్సిల్ బ్యాటరీలతోనైనా నడుస్తుంది. ఒకేసారి 8 మార్గాలలో ధ్వనిని గ్రహించి ఎస్.డి. కార్డు మీద వ్రాసుకుంటుంది. మొత్తం 16 ట్రాకులను కలిపి వినిపిస్తుంది. ముందుభాగాన వరుసగా ఫేడర్లు, అంటే పైకీ క్రిందికీ జరిగే మీటలు. వాటి క్రింద ప్లే, స్టాప్, రికార్డు బొత్తాలు. 1990 ప్రాంతాల్లో ఏ స్టూడియోలోనైనా ఇంత పని చేయించాలంటే గది నిండా యంత్రాలు కావలసివచ్చేది. అలెసిస్ సంస్థ 1991లో అడాట్ అనే యంత్రాన్ని ప్రకటించి, వీడియో క్యాసెట్ మీదనే 8 ట్రాకుల డిజిటల్ ధ్వనిని ముద్రించవచ్చునని చూపినప్పుడు సంగీత ప్రపంచం దానిని విడ్డూరంగా చెప్పుకున్నది.

తరువాత కంప్యూటర్లు ఆ పనంతా తామే చేయసాగాయి. ట్రాకులకు లెక్క లేదు, చేసిన పనిని చెరిపి మళ్ళీ చేయడానికి అడ్డు లేదు. రికార్డర్లు అటకలెక్కడం మొదలైంది. మాదీ ఎక్కేదే. అయితే అది మూడు పనులు నేర్చిన యంత్రం. తానుగా రికార్డు చేయగలదు, యు.ఎస్.బి. తీగతో కలిపితే కంప్యూటరుకు ధ్వనిని అందించగలదు. మూడవది, అన్నిటికంటె చిత్రమైనది, కంప్యూటరులోని సంగీత సాఫ్ట్‌వేరును తన మీటలతో, బొత్తాలతో నడిపించగలదు. రికార్డరు మీద ప్లే నొక్కితే కంప్యూటరులో పాట మొదలవుతుంది. రికార్డరు మీద మూడవ ఫేడరు పైకి జరిపితే తెర మీద మూడవ ఫేడరు తానూ పైకి జరుగుతుంది. నిన్నటివరకు స్వయంగా పాడించిన యంత్రం ఇప్పుడు ప్రక్కన కూర్చుని ఆజ్ఞలిస్తుందన్నమాట. పదవీ విరమణ చేసిన పెద్దలు కొందరు గుర్తుకు రావచ్చు.

ఈ ఆజ్ఞలు ప్రయాణించే భాష పేరు మిడి. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలండ్ సంస్థను స్థాపించిన ఇకుతారో కకెహాషి ప్రధానంగా పూనుకొని, వేర్వేరు సంస్థల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనేందుకు ఏర్పరచిన భాష అది. 1983 జనవరిలో ఒక ప్రదర్శనలో ఇద్దరు పోటీ తయారీదారుల కీబోర్డులను తీగతో కలిపి, ఒకదానిని వాయిస్తే రెండవది పలకడం చూపించారు. 30 ఏళ్ళ తరువాత 2013లో వారిరువురికీ సాంకేతిక విభాగంలో గ్రామీ పురస్కారం లభించింది. ఈ భాషలో ధ్వని అనేదే ఉండదు. ‘ఫలానా సంఖ్య గల స్వరం నొక్కబడింది, ఇంత బలంతో నొక్కబడింది’ అనే అంకెలు మాత్రమే ఉంటాయి. స్వరాలకు 0 నుండి 127 వరకు సంఖ్యలు ఇచ్చారు.

రికార్డరు వంటి పరికరాలతో సాఫ్ట్‌వేరును నడిపించేందుకు మ్యాకీ సంస్థ తీర్చిన పద్ధతి ఒకటి బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మా ఆర్16 అనుకరించేది దానినే. అందులో బొత్తాలకు కొత్త మాటలు కల్పించలేదు. ఉన్న స్వరాలనే వాడుకున్నారు. 93వ స్వరం వస్తే ఆగుమని అర్థం. 95వది వస్తే రికార్డు చేయుమని. 94వ స్వరం వస్తే పాటను మొదలుపెట్టుమని. రికార్డరు మీద ప్లే నొక్కిన ప్రతిసారీ 94వ స్వరం తీగ వెంట వెళుతుంది. సాఫ్ట్‌వేరు దానిని వింటుంది, పలికించదు. మా ఇన్‌స్ట్రుమెంటేషన్ మిత్రులు నవ్వకపోవడానికి కారణం ఇదే. ప్లాంటులోని పీడనం కంట్రోల్ రూముకు రాదు. దానికి గుర్తుగా 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం వస్తుంది. అక్కడినుండి వాల్వుకు వెళ్ళేదీ సంకేతమే. వస్తువు ఒకచోట, దాని మీద అధికారం మరొకచోట ఉండే వ్యవహారం వారికి నిత్యకృత్యం.

ఫేడర్ల సంగతి కొంత సున్నితమైనది. 128 మెట్లతో ధ్వనిని పెంచుతూ పోతే కొన్నిచోట్ల మెట్లు మెట్లుగానే వినబడవచ్చు. అందుచేత ఫేడరు కదలికను స్వరాన్ని వంచే సందేశంగా, రెండు అంకెలను జతచేసి పంపుతారు. అప్పుడు 16,384 స్థానాలు గుర్తించే వీలు కలుగుతుంది. చిక్కు మరొకచోట ఉన్నది. తెర మీది ఫేడరును మౌసుతో ఒకచోట పెట్టి, రికార్డరు మీది ఫేడరును వేరొకచోట ఉండనిచ్చామనుకోండి. దానిని వ్రేలితో తాకీ తాకగానే తెర మీది ఫేడరు ఒక్క ఉదుటున చేతి దగ్గరకు దూకుతుంది. మెల్లగా పాడుతున్న గొంతు అకస్మాత్తుగా గావుకేక అవుతుంది. పెద్ద స్టూడియోల పరికరాలలో ప్రతి ఫేడరుకూ చిన్న మోటారు ఉంటుంది; తెర మీద కదిలినప్పుడల్లా చేతి క్రిందిదీ తనంతట తాను కదిలి సరిపోతుంది. మా దానివంటి చౌక పరికరాలలో మోటార్లు ఉండవు. ప్లాంటులో కంట్రోలరును మాన్యువల్ నుండి ఆటోకు మార్చేటప్పుడు వాల్వు ఎగిరిపడకుండా బంప్‌లెస్ ట్రాన్స్‌ఫర్ అనే ఏర్పాటు ఉంటుంది కదా, ఇక్కడ లేనిది అదే. కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం చేతి ఫేడరు తెర ఫేడరును దాటేవరకు వేచి ఉండి, అప్పుడు పట్టుకుంటాయి. మేము అనుసరించేది అన్నిటికంటె నాటు పద్ధతి: పాట మొదలయ్యే ముందు రెండుచోట్లా ఫేడర్లను ఒకే గుర్తు దగ్గర నిలుపుతాం.

ఇంత కష్టం ఎందుకు, మౌసు ఉన్నది కదా అని అడిగేవారున్నారు. మౌసు ఒంటి వ్రేలు. దానితో ఒకసారి ఒక్క ఫేడరునే కదపగలం. చేతులతోనైతే ఒకదానిని తగ్గిస్తూ అదే క్షణాన మరొకదానిని పెంచవచ్చు. ఇంకొక లాభం కూడా ఉన్నది, మా అనుభవంలో ఇదే పెద్దది. తెర వైపు చూస్తూ కూర్చుంటే కన్ను వింటుంది, చెవి ఊరకుంటుంది. రంగురంగుల అలలలో గొంతు ఎక్కడ లేచిందో కన్ను ముందే చెబితే, లేవవలసిన అవసరమున్నదా అని చెవి అడగదు. తెరను గోడ వైపు తిప్పి రికార్డరు ముందు కూర్చున్న రోజున చేసిన మిక్సింగు మాకు మరునాడు విన్నా నచ్చేది.

ఈ రెండు సంగతులూ మాకు సంపూర్ణంగా బోధపడింది మాత్రం ఒక నేతగాని వలన.

సూరత్‌లో తెలుగువారంటే టౌన్‌షిప్‌ల ఉద్యోగులు ఒక చిన్న భాగమే. సిరిసిల్ల మొదలుకొని తెలంగాణలోని ఎన్నో నేత ఊళ్ళనుండి వచ్చి మరమగ్గాల మీద స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ తదితర పేటలలో తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ వారి పిల్లలకోసం తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్నది. ఆ వీధులలోకి అడుగుపెట్టగానే మనల్ని పలుకరించేది మగ్గాల చప్పుడు. పగలూ రాత్రీ 12 గంటల పాళీలు. ఆ మ్రోత మధ్య మనుషులు పెదవులు చూసి మాట్లాడుకుంటారు.

మా ప్లాంటులో కాంట్రాక్టు పనిచేసే యువకుడొకరు మా గది సంగతి విని, తన తాతగారిని తీసుకురావచ్చునా అని అడిగారు. ఆ పెద్దాయన 1970 దశకంలో సూరత్ వచ్చి 40 ఏళ్ళకు పైగా మగ్గం మీద గడిపినవారు. పద్మశాలీలకు వారి కులపురాణమైన మార్కండేయ పురాణాన్ని, తామరతూడుల నారతో దేవతలకు వస్త్రం నేసిన భావనాఋషి కథను, బొమ్మల పటం విప్పి చూపుతూ గానం చేసేవారు కూనపులివారు. ఈయన కూనపులి కాదు. బాల్యంలో తమ ఊరికి వారు వచ్చినప్పుడల్లా వెంట తిరిగి, విన్నది విన్నట్టు గుర్తుంచుకున్న శ్రోత. ఆ కథను క్యాసెట్లలో పాడి దాచుకున్నారట కూడా. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుండి విడిచిన నీటితో తాపీ పొంగి నగరంలో అత్యధిక భాగం మునిగినప్పుడు వారు నది వెంటనున్న పేటలో క్రింది అంతస్తులో ఉన్నారు. క్యాసెట్లు బురదలో పోయాయి. మళ్ళీ పాడడానికి తీరిక చిక్కలేదు. ఇప్పుడు తీరిక ఉన్నది గాని, వేసవి వెళ్ళగానే స్వగ్రామానికి తిరిగి వెళ్ళిపోవాలని ఇంట్లో నిశ్చయమైంది. మాకు చిక్కిన వ్యవధి నాలుగు ఆదివారాలు.

మొదటి రెండు ఆదివారాలు ఆయన గొంతుతోనే సరిపోయాయి. 22 నిమిషాల ఘట్టం ఒకటి నిలకడగా వచ్చింది. వంత పాడడానికి టౌన్‌షిప్ సోదరీమణులు ఇద్దరు, డోలక్, తాళాలు, హార్మోనియం. హార్మోనియం చూసి ఆయన, “గా పెట్టె ఎందుకు సారూ?” అన్నారు. మా హార్మోనియం మిత్రుడు ఆ మాట వినబడనట్టే వాయించారు.

మూడవ ఆదివారం మిక్సింగుకు కూర్చున్నాం. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాం. కొంతసేపు విని తీసివేశారు. లేచి వెళ్ళి స్పీకరు పెట్టె మీద అరచేయి ఆనించి నిలబడ్డారు.

“ఇండ్ల నా గొంతు ఏడున్నది బిడ్డా?” అని మనుమడిని అడిగారు.

“గిది నీ గొంతు తాతా. గివి అక్కలయి. మీదికి జరిపితే పెరుగుతది,” అని అతడు ఫేడర్లు చూపించాడు.

ఆయన తెర వైపు ఒకసారి చూశారు. అందులోని ఇంగ్లీషు ఆయనకు రాదు, అక్కరా లేదు. రికార్డరు ముందు కుర్చీ జరుపుకొని రెండు చేతులూ దాని మీద పెట్టారు. “మొదాలు పెట్టుండ్రి సారూ,” అన్నారు. 94వ స్వరం వెళ్ళింది.

ఆ 22 నిమిషాలు మేము ఊపిరి బిగబట్టి చూశాం. ప్రతి చరణం చివర తన గొంతును కొద్దిగా క్రిందికి దించుతూ, అదే కదలికలో ఎడమచేత్తో వంతను పైకి తెచ్చారు. వంత అందుకోగానే తిరిగి తన గొంతు. ఎక్కడా తడబాటు లేదు. మేము ఎన్నడూ అలా చేయలేదు. మా మిక్సింగులో ప్రధాన గాయకుని గొంతు పైన కూర్చుంటే దిగేది కాదు. హార్మోనియం ఫేడరును మాత్రం రెండవ నిమిషంలోనే అడుగువరకు లాగి వదిలివేశారు. ఇదంతా ఎలా తెలుస్తున్నదని తరువాత అడిగితే, “మగ్గం కాడ పోగు తెగితే సూడకముందే తెలుస్తది సారూ. గిదీ గంతే,” అన్నారు.

సాఫ్ట్‌వేరును అప్పుడు ఆటోమేషన్ వ్రాసుకొనే స్థితిలో ఉంచాం. అంటే ఫేడరు ఏ క్షణాన ఎంత కదిలిందో ఆ కదలికలన్నీ పాటతోపాటే అంకెలుగా నమోదవుతాయి. దీనిని ఆయనకు వివరించబోయి మేము తడుముకుంటుంటే ఆయనే తేల్చేశారు: “జకార్డు అట్టలు గదా!” ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804 ప్రాంతంలో రూపొందించిన మగ్గంలో, రంధ్రాలు చేసిన అట్టలను గొలుసుగా కుట్టి ఉంచుతారు. రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలలో దారం ఉండదు, రంగు ఉండదు. ఏ పోగు ఎప్పుడు లేవాలో ఆజ్ఞ మాత్రం ఉంటుంది. మేము రెండు పేజీలలో ఇక్కడ వ్రాసినదానిని ఆయన రెండు మాటలలో చెప్పారని ఒప్పుకోక తప్పదు.

వాదు వచ్చింది తాళాల దగ్గర. తాళాల ఫేడరును ఆయన పైపైకి తీసుకువెళ్ళి దాదాపు కొసన నిలిపారు. గదిలో మాకు చెవులు గింగురుమన్నాయి. ఆయన ముఖంలో ఏ బాధా లేదు. “ఇప్పుడు జర ఇనవడ్తున్నయి,” అన్నారు తృప్తిగా.

విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. అధిక ధ్వనిలో ఏళ్ళ తరబడి పనిచేసినవారికి వినికిడి మొట్టమొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ పరిసరాలలో. డోలక్ ముద్ద ధ్వని వినబడుతుంది, తాళాల మెరుపు పోతుంది. మాటలలో అచ్చులు వినబడతాయి, స, త వంటి హల్లులు జారిపోతాయి. మన ఫ్యాక్టరీల నిబంధనలు 8 గంటల పనికి 90 డెసిబెల్స్‌ను హద్దుగా చెబుతాయి. కంప్రెసర్ హౌస్‌లోకి అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ మా వద్ద ఇయర్ మఫ్‌లు ఉన్నాయి; వినికిడి పరీక్షలూ జరుగుతాయి. బరువుగా ఉన్నాయని వాటిని మెడకు తగిలించుకొని తిరిగే యువ మిత్రులు మాలో ఉన్నారు. ఆ పెద్దాయన చెవులను 40 ఏళ్ళలో ఎవరూ పరీక్షించలేదు.

ఇప్పుడేమి చేయాలి? ఆయన వెళ్ళిన తరువాత మా బృందంలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. తాళాలను సరిచేయాలి, వినబోయేవారందరి చెవులూ ఆయన చెవులవంటివి కావు, లోపాన్ని కళగా భద్రపరచడం ఆయనకు గౌరవం కాదని ఒక పక్షం. వంత పాడిన సోదరీమణులలో ఒకరు దీనిని అంగీకరించలేదు. పాట ఆయనది, చెయ్యి ఆయనది. గొంతూ వంతా ఎక్కడ కలవాలో మనకు నేర్పిన చేతిని తాళాల దగ్గరకు వచ్చేసరికి తప్పుపట్టే అధికారం మనకెక్కడిదని ఆమె వాదం. రెండూ సబబుగానే తోచాయి. అంతిమంగా రెండు ప్రతులు తయారుచేశాం. ఒకదానిలో ఆయన కదిపినదంతా అలాగే ఉంచి, తాళాల గీతను మాత్రం దించాం. రెండవదానిని అసలు ముట్టుకోలేదు.

నాలుగవ ఆదివారం రెండూ వినిపించాం, ఏది ఏదో చెప్పకుండా. మేము దించిన ప్రతి నడుస్తుండగా ఆయన చేయి రికార్డరు మీదికి వెళ్ళింది, తాళాల ఫేడరు కోసం. రెండవ ప్రతిలో చేతులు ఒడిలోనే ఉన్నాయి. దానినే మెమరీ కార్డులో తమ ఊరికి తీసుకువెళ్ళారు. వర్షాలు మొదలైన వారంలోనే ప్రయాణమయ్యారు.

టౌన్‌షిప్ ఉగాది కార్యక్రమంలో వినిపించడానికి తాళాలు దించిన ప్రతిని ఎన్నుకున్నాం. అది సరైన నిర్ణయమేనని మాలో ఎక్కువమంది అభిప్రాయం. అయితే గదిలో మేము మాత్రమే ఉన్నప్పుడు తెరిచేది రెండవ దానినే, స్పీకర్లను కొంచెం తగ్గించుకొని. ఆటోమేషన్ చదువుకుంటూ తెర మీద ఫేడర్లు వాటంతటవే లేస్తుంటాయి, దిగుతుంటాయి. చరణం చివర మొదటిది ఒదుగుతుంది, రెండవది అందుకుంటుంది. ఎదురుగా బల్ల మీద రికార్డరు ఫేడర్లు మాత్రం కదలవు. వాటిలో మోటార్లు లేవు. రెండవ నిమిషంలో హార్మోనియం ఫేడరు అడుగుకు జారిపోయినప్పుడు మా మిత్రుడు, “అదిగో, నన్ను దించేశారు,” అని ప్రతిసారీ అంటారు.